లోపలివైపు ముఖం

నల్లబడ్డ ఇనుమును నమ్మకూడదు. ఎర్రగా ఉన్నంతసేపూ పసిపిల్లయినా దగ్గరికి పోదు, నల్లబడ్డాకే చేతులు కాలేది అని మేస్త్రీ మొదటిరోజునే చెప్పాడు, చెప్పి తన అరచేతిలో నున్నగా మెరిసే పాత మచ్చను సాక్ష్యంగా చూపించాడు. అందుకే ఆమె ముట్టుకోలేదు. పీట మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇసుక తొట్టిలో వెల్లకిలా పడి ఉన్న ఇనప ముఖాన్ని చూస్తోంది. అది టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. చల్లారే ఇనుము అలా చప్పుడు చేస్తుందని నాలుగు నెలలుగా తెలుసు, గేటు చువ్వలూ కిటికీ కమ్మీలూ చేస్తే ఏమీ అనిపించలేదు గానీ, ముక్కూ నోరూ ఉన్న ఇనుము చప్పుడు చేస్తుంటే మనిషి ఏదో అనబోయి పళ్ళ మధ్య ఆపుకున్నట్టుంది. అనండి మరి. బతికుండగా రోజుకు నాలుగు మాటలకు మించి ఆడలేదు, ఇప్పుడైనా అనండి. మచ్చ తప్పు పక్కన పడింది, కనీసం అదైనా అనండి.

అంతా మూడు దెబ్బల్లో అయిపోయింది. నాలుగు నెలల పని. పల్చటి రేకును ఎర్రగా కాల్చడం, లోపలివైపు నుంచి గుండ్రటి సుత్తితో కొట్టడం, కొట్టినచోట బయటికి ఉబికితే అది చెంపో గడ్డమో అయ్యేదాకా మళ్ళీ కాల్చడం, మళ్ళీ కొట్టడం. ఆదివారం ఆదివారం అలా కొట్టగా కొట్టగా ముఖమంతా వచ్చేసి చివరికి ఒక్క మచ్చ మిగిలింది, కనుబొమ్మను రెండుగా చీల్చే చిటికెనవేలి కణుపంత మచ్చ. దానికోసం కాగితం మీద బొమ్మ గీసుకుంది, మచ్చ తన కుడిచేతి వైపు. లోపలినుంచి కొట్టాలి కాబట్టి ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి వెనకవైపు మళ్ళీ గీసుకుంది, మచ్చ ఎడమకు వచ్చింది, అంతవరకూ సరే. కానీ కాగితాన్ని రేకులో పరిచేటప్పుడు చేతులు అడగకుండా తమ పాత పని తాము చేసేశాయి. నలభై ఏళ్ళు గుడ్డను, మంచివైపు లోపలికి పోయేలా, మంచివైపుకు మంచివైపు చేర్చి వేసిన చేతులవి. తిరగేసి గీసినవైపును కిందికి వేశాయి. ఆమె పైనుంచి పొడిచి చుక్కలు పెట్టింది, మేస్త్రీ రేకును కాల్చి పట్టకారుతో పట్టుకున్నాడు, ఆమె మొద్దు ఉలి ఆనించి మూడు దెబ్బలు కొట్టింది, ముఖం ఇటు తిప్పి చూస్తే మచ్చ అటుంది.

"చెప్పానా లేదా? లోపలినుంచి కొడతాం, ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది, చూసుకోండమ్మా అని?"

"చెప్పారు."

"నలభై ఏళ్ళు తిరగేసి కుట్టినదాన్ని, నాకా చెప్తున్నారు అన్నారు."

"అన్నాను."

"మరి?"

"మరేముంది మేస్త్రీ గారూ, తిరగేసినదాన్ని మళ్ళీ తిరగేశాను."

మేస్త్రీ నవ్వాడు, నవ్వి ఆమె ముఖం చూసి ఆపేశాడు. రేకును వెలుతురుకు ఎత్తి కనుబొమ్మల దగ్గర గోటితో మీటి విన్నాడు. ఇక్కడ బాగా పల్చబడిందమ్మా, అన్నాడు. ఇంకో సెగ తట్టుకుంటే తట్టుకుంటుంది, ఈ మచ్చను అణగ్గొట్టి అటువైపు కొత్తది లేపొచ్చు. తట్టుకోకపోతే కనుబొమ్మ ఉన్నచోట చిల్లు పడుతుంది, చిల్లు పడితే అతుకు వేయడం నావల్ల కాదు. నేను భోంచేసొస్తాను, నిప్పు బూడిద కింద ఓ గంట ఉంటుంది, వచ్చేసరికి ఏ సంగతో చెప్పండి, దిద్దుదామంటే దిద్దుదాం, వద్దంటే కొలిమి ఆర్పేస్తా, రేపట్నుంచి నెల్లాళ్ళు గేట్ల పని నాకు. సగం చల్లారాక పట్టకారుతో ఓసారి తిరగేసి పెట్టండి, లేకపోతే ఒకపక్కే చల్లారి వంకరపోతుంది. డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి, చెయ్యి పెట్టకండేం, అన్నాడు.

కాలినప్పుడే ఇనుమును సాగగొట్టాలని సామెత చెప్పినవాడెవడో, సాగగొట్టాక ఎంతసేపు కూర్చుని ఎదురుచూడాలో చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ పిండి ఆరబోసినట్టు తెల్లగా ఉంది, లోపల మాత్రం చీకటి. కిటికీలకు గోనెపట్టాలు కట్టేసి ఉంటాయి ఇక్కడ, వెలుతురుంటే ఇనుము రంగు తెలీదట, చీకట్లోనే ఏది ఎరుపో ఏది నారింజో ఏది ముట్టుకుంటే పగిలిపోయే తెలుపో తెలుస్తుందట. కళ్ళు బాగా కనబడాలంటే వెలుతురు కావాలనుకుంటూ బతికిన మనిషికి, సూదిలో దారం ఎక్కించడానికి గుమ్మం దాకా పరిగెత్తిన మనిషికి, చూడటానికి చీకటి కావాలన్న మాట వింతగా ఉండేది. ఇప్పుడు అలవాటైంది. తలుపు సందులోంచి ఒక్క వెలుతురు గీత వచ్చి నేలమీద పడి, ఇసుక తొట్టి అంచు ఎక్కి, ఇనప గడ్డం కింద ఆగింది. కిందినుంచి వెలుతురు పడితే ఎవరి ముఖమైనా ఎవరిదో ముఖంలా ఉంటుంది. పోయిన వారం, తనలాగే ఆదివారాలు నేర్చుకోవడానికి వచ్చి పక్కన ఇనప ఆకులూ తీగలూ చేసుకునే పళ్ళ డాక్టరు తొంగిచూసి, టైలరమ్మా, ఎంత గిల్లినా నోరు తెరవని పేషెంటు దొరికాడే మీకు, అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నోరు తెరవనివాడు కాబట్టే ఆయన నోరు చేయడం తేలికైంది, ఒక్క గీత, చివర్లు కొంచెం కిందికి.

కష్టం మచ్చతోనే. కష్టం అని కూడా కాదు, భయం. రెండు నెలల కిందట ఒక పొద్దున్న ముఖం కడుక్కుంటూ ఆయన ముఖం తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే ఎప్పుడూ వచ్చే ముఖం రాలేదు. ఇనప ముఖం వచ్చింది. అప్పటికింకా ముక్కు సరిగా రాలేదు, ఒక చెంప పొంగి ఒక చెంప చదునుగా ఉంది, ఆ ముఖమే వచ్చి కళ్ళ వెనక నిలబడింది, నీళ్ళు చల్లుకున్నా పోలేదు. ఆ తర్వాత ఒక్కో ఆదివారం ఇక్కడ ఒక్కో దెబ్బ వేస్తుంటే అక్కడ ఒక్కో ముక్క రాలిపోతోంది. చెవి చేసింది, ఆయన చెవి పోయింది. పెదవి చేసింది, ఆయన పెదవి పోయింది. మర్చిపోకుండా ఉండటానికి మొదలుపెట్టిన పని, మర్చిపోవడానికే మొదలుపెట్టినట్టయింది. ఇంట్లో ఉన్నవి రెండే ఫొటోలు. పెళ్ళినాటి దాంట్లో మచ్చే లేదు, అది తర్వాత మూడేళ్ళకు పడింది. గుర్తింపు కార్డులో నుదురు మీద సరిగ్గా ముద్ర గుద్దారు. ఇంక ఆయన ముఖంలో ఆమె దగ్గర మిగిలింది ఆ ఒక్క మచ్చ, అదీ తన కుడిచేతి వైపు, అది మాత్రం ఎంత కొట్టినా రాలకుండా నిలబడింది. ఇప్పుడు ఇనుము దాన్ని ఎడమకు మార్చేసింది. చల్లారి గట్టిపడ్డాక రోజూ దీన్నే చూస్తుంది కదా. నెలరోజులు చూస్తే కుడివైపుది పోతుంది, ఆరునెలలు చూస్తే అసలు కుడివైపు ఉండేదని కూడా గుర్తుండదు. అప్పుడు ఇక ఆయన ఎక్కడా లేనట్టే. ఎక్కడా లేకుండా, ఆయనలాంటి ఇంకెవరో గోడకు వేలాడుతూ ఉంటారు.

దిద్దించాలి. చిల్లు పడితే?

టిక్. ఈసారి నుదురులోంచి వచ్చింది.

ఫోను తీసి వదినకు చేసింది. ఆయనకు అక్క, ఎనభై దాటిన మనిషి, ఆయన్ని ఎత్తుకుని తిరిగినావిడ. అవతల ఎత్తగానే టీవీ చప్పుడు, టీవీ మీద ఆవిడ గొంతు.

"వదినా, ఒక్క మాట. మీ తమ్ముడికి మచ్చ ఏ కనుబొమ్మ మీద?"

"ఏం మచ్చ?"

"షాపులో అద్దం విరిగి పడింది కదా, అది."

"ఓ, అదా. ఎడమ. ఆగాగు, వాడు నాకెదురుగా కూర్చుని అన్నం తింటుంటే మచ్చ ఇటు... ఇటంటే నా... ఇదిగో, నన్ను కంగారుపెట్టకు. ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసినదానివి నువ్వు, అడిగేది నన్నా?"

"గుర్తురావట్లేదు వదినా."

"మొగుడి మొహం గుర్తులేదని పైకి అనకే తల్లీ, నలుగురూ వింటే నవ్విపోతారు. అయినా ఈ వయసులో నీకా సుత్తి గోలేంటి, బుద్ధిగా ఏ అల్లికో కుట్టో నేర్చుకోక?"

"అదే కదా వదినా నలభై ఏళ్ళు చేసింది."

"అవుననుకో. వాడే ఉండుంటేనా..."

"ఉండుంటే చూసేవారు."

"ఆఁ, చూసేవాడు," అంది వదిన. "చూడ్డం తప్ప వాడికింకేం వచ్చు గనక."

ఫోను పెట్టేసింది. అవును, చూసేవారు. ఆయన సెలూనులో ఈమె కుట్టుమిషను ఏమిటని వచ్చినవాళ్ళంతా అడిగేవాళ్ళు, ముందు జుట్టు కత్తిరింపు, వెనక గుడ్డ కత్తిరింపు, మధ్యలో కూర్చున్నవాడు చెవులు జాగ్రత్తగా పెట్టుకోవాలి అని ఎవరో ఒకరు అనేవాళ్ళు, ముప్పై ఒక్క ఏళ్ళు అదే హాస్యం. ఇరుకైన పొడుగాటి గది. ముందు గోడకు అడుగునుంచి చూరుదాకా అద్దం. అద్దం ముందు కుర్చీ, కుర్చీ వెనక ఆయన, ఆయన వెనక బెంచీ, బెంచీ వెనక మూలన ఆమె మిషను. తల దించితే గుడ్డ, ఎత్తితే ఆయన వీపు, వీపు పైన అద్దంలో ఆయన ముఖం. అద్దం కొత్తగా బిగించే రోజున పైమూల విరిగి జారి కనుబొమ్మ మీద పడింది, రక్తం కారుతుంటే కూడా ఆయన కిందపడ్డ ముక్కను ఎత్తి అందులోనే తన గాయం చూసుకున్నారు తప్ప ఆమెవైపు తిరగలేదు. ఆమె గుడ్డ ఉండచుట్టి వెనకనుంచి చెయ్యి చాపి అదిమింది. ఏ చేత్తో? చెయ్యి చాపి చూసుకుంది ఇప్పుడు, ఎవరూ లేని కొలిమిలో, కుడిచెయ్యి ఒకసారి, ఎడమచెయ్యి ఒకసారి. రెండూ నాదే అంటున్నాయి. చేతులు కూడా అబద్ధమాడతాయి, ఇందాక కాగితం వేసినప్పుడు ఆడలేదూ?

పొద్దున్నే ఇద్దరూ కలిసి షాపుకు నడిచేవాళ్ళు, పక్కపక్కన. రాత్రి కలిసి వచ్చేవాళ్ళు, పక్కపక్కన. తిండి గోడకు ఆనుకుని, పక్కపక్కన. ఎదురెదురుగా కూర్చున్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, ఆ రోజుల్లోనూ ఆయన తల వంచుకుని తినేవారు. చూడటమంతా అద్దంలోనే. ఆయన వెనక్కి తిరగరు. కత్తెర ఆడుతూనే ఉంటుంది, కుర్చీలో మనిషి కబుర్లు చెబుతూనే ఉంటాడు, ఎందుకో మెడ మీద ఈగ వాలినట్టనిపించి ఆమె తల ఎత్తితే అద్దంలోంచి ఆయన కళ్ళు తనమీద ఉంటాయి. బొత్తాం కోసం కుడివైపు అలమారుకు వెళ్తే కళ్ళు కుడికి వస్తాయి. ఇస్త్రీపెట్టె కోసం ఎడమకు వెళ్తే ఎడమకు వస్తాయి. వీపు మాత్రం కదలదు. ఒకసారి బెంచీ మీద కూర్చున్న ఎవరో ఏదో అంటే ఆమె గట్టిగా నవ్వింది, నవ్వుతూనే తల ఎత్తింది, కత్తెర ఆగిపోయి ఉంది, కళ్ళు ఉన్నాయి. కోపం లేదు వాటిలో. ఏమీ లేదు. ఆమె చప్పున తల దించేసింది. ఎప్పుడూ ఆమే దించేది. కళ్ళు కలిసిన మరుక్షణం సూదిమీదికి దించేసేది, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా పూర్తిగా తిరిగి చూడలేదు. అది కాపలానా, ఆపేక్షా? అడగొచ్చు కదా. పక్కపక్కన నడిచే దారిలో అయినా, ఏమండీ, ఎందుకలా చూస్తారు అని. సిగ్గు కొన్నాళ్ళు, భయం కొన్నాళ్ళు, తర్వాత అలవాటు, అలవాటైనదాన్ని ఎవరడుగుతారు, గోడ గడియారాన్ని ఎందుకు కొడుతున్నావని అడుగుతామా?

ఆ ఆఖరి రోజు దారపు ఉండలకని బజారుకు వెళ్ళి తిరిగివస్తూ ఈ కొలిమి ముందు ఆగింది. మేస్త్రీ అప్పుడు ఇంత నెరవలేదు. ఎర్రటి చువ్వను దాగలి మీద పెట్టి మెలి తిప్పుతున్నాడు, ఇనుము జంతికల పిండిలా... కాదు, తడి గుడ్డ పిండినట్టు తిరుగుతోంది, చూస్తూ నిలబడిపోయింది. ఎంతసేపు? గంట. ఎక్కువే. మెడ మీద ఈగ వాలలేదు. ఆ మాట అప్పుడే తట్టింది, ఇంతసేపు ఎవరూ నన్ను చూడటం లేదు అని, తట్టి ఒళ్ళంతా తేలికైపోయింది, ఇంకాసేపు నిలబడింది, ఇంకొక్క చువ్వ అనుకుంది. షాపుకు వచ్చేసరికి బెంచీ మీద ముగ్గురు కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. పనిలేనప్పుడు కూడా ఆయన ఎన్నడూ కూర్చోని ఆ కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నారు. కునుకు తీస్తున్నాడమ్మా, లేపడం ఎందుకని ఊరుకున్నాం, అన్నాడొకడు. తల కుర్చీకి ఆనించి, కళ్ళు సగం తెరిచి. ఆమె వెనకనుంచి వచ్చింది కాబట్టి ముందు అద్దంలోనే చూసింది. అద్దంలోంచి ఆయన మూలకు చూస్తున్నారు, ఖాళీ స్టూలుకేసి. ఎంతసేపటినుంచి చూస్తున్నారో.

దినకర్మలన్నీ అయ్యాక, మిగిలిపోయిన నాలుగు పంట్లాలు కుట్టి ఇచ్చేద్దామని ఒక్కతే షాపు తెరిచి మిషను ముందు కూర్చుంది. మెడ మీద ఏదో వాలింది. తల ఎత్తితే అద్దంలోంచి ఒక ఆడమనిషి చూస్తోంది, దూరంగా, చిన్నగా, మిషను వెనకనుంచి. ఎవరూ కాదు, తనే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ అద్దానికీ తనకూ మధ్య ఆయన వీపు ఉండేది, ఆ అద్దంలో తాను ఉంటానని ఆమెకు తెలియనే తెలియదు. తల దించింది. మళ్ళీ ఎత్తింది. ఆ ఆడమనిషీ అంతే. పంట్లాలు ఇంటికి పట్టుకుపోయి చేత్తో కుట్టింది. షాపూ అద్దంతో సహా వేరేవాళ్ళకు పోయింది. నాలుగేళ్ళు ఏ కొలిమి ముందునుంచీ నడవకుండా చుట్టు తిరిగి వెళ్ళింది, ఐదో ఏడు ఎందుకో తిన్నగా ఈ గుమ్మంలోకే వచ్చి, ఆదివారాలు నేర్పుతారట కదా, అని అడిగింది. ఆడవాళ్ళు కూడానా అని మేస్త్రీ అడగలేదు. భుజం చూపించమన్నాడు, చూసి, మిషను తొక్కింది కాలే అయినా, చక్రం తిప్పిన చెయ్యీ గట్టిదే, అన్నాడు.

టిక్కుల మధ్య ఎడం పెరిగింది. సగం చల్లారి ఉంటుంది, తిరగేయాలి. లేచి పట్టకారుతో చెవి కింద అంచు పట్టుకుంది, ఇసుకలోంచి ఎత్తి, లోపలివైపు బయటికి వచ్చేలా దాగలి మొద్దుకు ఆనించి నిలబెట్టింది. గుంటలన్నీ కనబడతాయి ఇటువైపు, సుత్తి దెబ్బలన్నీ. నాలుగు నెలలు ఆమె చూసింది ఈ వైపే, కానీ చూసినప్పుడల్లా చేతిలో సుత్తి ఉంది, చూపు దెబ్బ పడాల్సిన చోట మీదే ఉంది. ఇప్పుడు వచ్చి మళ్ళీ పీట మీద కూర్చుని, పనిలేని కళ్ళతో చూసింది.

గుంటలు లేవు. ముఖం ఉంది. గుంట కావాల్సిన ముక్కు ముందుకు పొడుచుకుని వచ్చింది, చెంపలు నిండుగా ఉన్నాయి, నుదురు ఉబ్బెత్తుగా వెలుతురు గీతను పట్టుకుంది. ఆమె రెప్పలార్పింది. లోపలివైపు అది, ఇప్పుడే తన చేత్తో తిప్పి పెట్టింది, అక్కడ ఉన్నది పళ్ళెంలాంటి గొయ్యి అని తనకు తెలుసు, తెలిసినా కళ్ళు ఒప్పుకోవడం లేదు. ఒక పక్కకు వంగి చూద్దామని కుడికి జరిగింది. ముఖం కుడికి తిరిగింది. ఆగిపోయింది. అదీ ఆగింది. పీట కిర్రుమనకుండా మెల్లగా లేచి, బొగ్గు తట్ట దాటి, ఎడమ గోడ దాకా నడిచింది. అది కూడా వచ్చింది, తొందరలేకుండా, మెడ కదపకుండా, ఆమె ఎంత నడిస్తే అంత తిరిగి. మెడ మీద ఈగ వాలింది.

పారిపోవాలనిపించింది, నిజంగానే. తలుపు ఆరడుగుల దూరం, బయట తెల్లటి ఎండ, మనుషులు, సైకిళ్ళు. కాళ్ళు కదల్లేదు. కళ్ళు మాత్రం తమ పాత పని తాము చేయబోయాయి, దిగబోయాయి, దిగడానికి ఒళ్ళో గుడ్డ లేదు, సూది లేదు. దిగడానికి చోటులేక అక్కడే ఉండిపోయాయి. మొదటిసారి, పూర్తిగా, ఒక రెప్పపాటు దాటి, రెండు దాటి, ఆయన ముఖం చూసింది. ఆయనే. చెవి ఆయనదే, రెండు నెలల కిందట పోయిన చెవి. పెదవి చివర్లు ఆయనవే. ఏదీ రాలిపోలేదు, అన్నీ ఈ పక్కన ఉన్నాయి. మచ్చ తన కుడిచేతి వైపు ఉంది.

కుడిచేతి వైపు. ఎప్పుడూ ఉండేచోటే. బయటివైపు ఎడమకు పడ్డది లోపలివైపు కుడికే ఉంటుంది కదా, తిరగేసి కుట్టినదానివి, ఆమాత్రం తెలీదా? తెలుసు. తెలియనిది ఇంకొకటి, అది ఇప్పుడు నేలలోంచి నీరూరినట్టు మెల్లగా పైకి వచ్చింది. తను చూసిన ముఖం ఎప్పుడూ అద్దంలోదే. ఆయన వెనక కూర్చున్నదానికి ఆయన కుడీ తన కుడీ ఒకటే. ఎదురుగా నిలబడి చూసినవాళ్ళకయితే ఆ మచ్చ ఎడమచేతి వైపు ఉంటుంది. వదినకు ఎడమే, ఆవిడ మొదటి మాటే సరైంది. వీధిలో ఎదురుపడ్డవాళ్ళందరికీ ఎడమే. నాలుగు నెలలు కూర్చుని ఊరంతా చూసిన మనిషిని బయటివైపు సరిగ్గానే చేసింది, తప్పు చేసి సరిగ్గా చేసింది, అది తను ఎన్నడూ ఎదురుపడని మనిషి కాబట్టి పోల్చుకోలేకపోయింది. తనకు తెలిసినవాడు ఈ గొయ్యిలో ఉన్నాడు. ఇన్నాళ్ళూ కొట్టింది ఈయన్నే, ఒక్కో దెబ్బా ఈయన ముఖం మీదే పడింది, ఈయన చూస్తుండగానే.

దగ్గరికి వెళ్ళింది. అడుగు అడుక్కీ ముక్కు దగ్గరకొస్తోంది. చెయ్యి పెట్టకండేం అన్నాడు మేస్త్రీ. చూపుడువేలు చాపింది, ముక్కు కొన ఉన్నచోటికి. వేలు ఆగలేదు. ముక్కు కొనలోంచి లోపలికి పోయింది, ఏమీ తగల్లేదు, ముఖం ఉన్నచోట ఉత్త గాలి, గోరువెచ్చని గాలి, వేలి చుట్టూ ఆయన ముఖం చెదరకుండా అలాగే ఉంది, ఆమె వేలు కణుపుదాకా దాన్లో మునిగిపోయి ఉంది. వెనక్కి తీయలేదు. ఇంకాస్త లోపలికి, ఇంకాస్త, చివరికి ఇనుము తగిలింది. కాలలేదు. వేళ్ళన్నీ చాపి అరచెయ్యి మొత్తం ఆనించింది, చెంప ఉండాల్సినచోట. సరిగ్గా మనిషి ఒంటి వెచ్చదనం. కాలే ఇనుము చల్లటి ఇనుము అయ్యే దారిలో ఎక్కడో కాసేపు, అంతే, ఇంతే వేడిగా ఉండాలి కదా, ఎవరూ చెయ్యి పెట్టి చూడరు కాబట్టి ఎవరికీ తెలీదు. అరచేతి కింద అది దిగిపోతూ ఉండటం తెలుస్తోంది, జ్వరం తగ్గే నుదుటిలా. చెయ్యి తీయకుండా, కళ్ళు దించకుండా, పక్కపక్కన నడిచే దారిలో ముప్పై ఒక్క ఏళ్ళు అడగని మాట అడిగింది. పైకే అడిగింది. ఏమండీ, ఎందుకలా చూసేవారు?

ఇనుము ఒక్క టిక్కు కూడా అనలేదు. ఆమె ఆగింది, సెలూనులో బెంచీ మీద వంతుకోసం ఆగేవాళ్ళలా, తొందరేమీ లేకుండా.

తలుపు కిర్రుమంది, ఎండ ఒక్కసారి లోపలికి వచ్చి మళ్ళీ సన్నబడింది. మేస్త్రీ డబ్బా కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"చెయ్యి పెట్టొద్దన్నానా లేదా? మీకు చెప్పడం, ఆ గోడకు చెప్పడం ఒకటే. సరే, ఏం చేద్దాం? దిద్దుదామా?"

"వద్దు మేస్త్రీ గారూ. కొలిమి ఆర్పేయండి."

"నాలుగు నెలలు కొట్టి, తప్పు మచ్చతో పట్టుకుపోతారా?"

"తప్పు కాదులెండి. ఊరికి అటువైపు, నాకు ఇటువైపు."

మేస్త్రీకి అర్థం కాలేదు, అర్థం కానిదాన్ని అడిగే అలవాటూ లేదు. నీళ్ళ బాల్చీ అందుకుని కొలిమి వైపు నాలుగు అడుగులు వేశాడు, వేస్తూ మాటవరసకు ఇటు చూశాడు, ఆగిపోయాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ముందుకు వేశాడు. బాల్చీలో నీళ్ళు అతని కాళ్ళమీద ఒలికాయి.

"అమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి, నలభై ఏళ్ళు ఇనుము కొట్టిన మనిషి. "అది... నన్ను చూస్తోంది."

"ఆయన అంతే," అంది ఆమె. "చూడనివ్వండి."

"మీకు భయం వేయట్లేదూ?"

"వేస్తోంది," అంది. అరచేతి కింద ఇనుము తన ఒంటికంటే ఒక్క పిసరు చల్లబడింది, ఆ సంగతి ముందు చేతికి తెలిసింది, తర్వాత ఆమెకు. కొలిమిలో నీళ్ళు పడి బూడిద లేచింది, గదంతా తెల్లటి ఆవిరి కమ్మింది, దాంట్లో మేస్త్రీ కనబడలేదు, తలుపు కనబడలేదు. ఆయన కనబడుతూనే ఉన్నారు. ఆమె తల దించలేదు.